పడని తిండి

పెండ్లివిందులో పంక్తి సాగుచుండును. వడ్డించువాడు వంకాయకూర తెచ్చినంతనే ఒక పెద్దాయన విస్తరిపై చేయి అడ్డముపెట్టి, "వద్దు నాయనా, నాకు పడదు" అనును. ఆయన ప్రక్కనున్న యువకుడు ఆ కూరనే రెండుమారులు వేయించుకొని సుఖముగా భుజించును. ఎదుటి వరుసలోని ఇల్లాలు పాయసము ముట్టదు. పాలు కడుపులో పడిన నాడెల్ల ఉబ్బరము తప్పదని ఆమె అనుభవము. వండినది ఒకే గాడిపొయ్యి మీద, వడ్డించినది ఒకే గరిటెతో. అయినను ఒకరికి హితమైనది వేఱొకరికి అహితమగుచున్నది.

"పడదు" అను ఈ చిన్నమాట తెలుగువారి యిండ్లలో తరతరములుగా వినబడుచున్నది. రుచించకపోవుట వేఱు, పడకపోవుట వేఱు. రుచి నాలుకకు సంబంధించినది. పడుటయు, పడకపోవుటయు శరీరమంతటికి సంబంధించినవి. కాకరకాయ చేదని మొగము త్రిప్పుకొను బాలునికి కాకరకాయ పడదని చెప్పరాదు. ఇష్టముతో తిన్నను కీడు చేయు పదార్థమే పడని పదార్థము.

పడకపోవుటకు కారణము అందఱిలో ఒకటి కాదు. పాలలో లాక్టోసు అను చక్కెర గలదు. దానిని జీర్ణము చేయుటకు చిన్నప్రేవులో లాక్టేజు అను ఎంజైము ఉండును. చంటిబిడ్డలలో ఇది సమృద్ధిగా నుండి, వయస్సు పెరిగిన కొలది అనేకులలో తగ్గిపోవును. అప్పుడు జీర్ణము కాని చక్కెర పెద్దప్రేవునకు చేరి, అచటి సూక్ష్మజీవులచే పులిసి, వాయువును పుట్టించును. పాలు త్రాగిన పిమ్మట కలుగు కడుపుబ్బరమునకు, విరేచనములకు ఇదియే హేతువు. దక్షిణభారతమున ఇట్టివారు పెక్కుమంది గలరు. పాలు పడని వారిలో చాలమందికి పెరుగు, మజ్జిగ పడుట వింత కాదు. పాలు తోడుకొనునపుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంతభాగమును ముందుగనే ఆమ్లముగా మార్చివేయును.

కొందఱికి వేరుసెనగలు గాని, గ్రుడ్లు గాని, రొయ్యలు గాని తిన్న కొలదిసేపటికే ఒడలెల్ల దద్దురు లెక్కును, పెదవులు వాచును, ఒక్కొక్కప్పుడు ఊపిరి ఆడక ప్రాణాపాయము కలుగును. ఇది జీర్ణశక్తి లోపము కాదు. రోగములను కలిగించు సూక్ష్మజీవులతో పోరాడవలసిన శరీరపు రక్షణవ్యవస్థ, మంచి ఆహారమునే శత్రువుగా భ్రమించి దానిపై విరుచుకుపడుటచేత కలుగు విపత్తు. దీనిని అలర్జీ అందురు. ఇట్టివారికి ఆ పదార్థము ఆవగింజంతయైనను అపాయకరమే.

ఈ రెండింటిలోను తిండికిని బాధకును నడుమ ఎడము స్వల్పము. అందుచేత తిన్నవారే దోషిని పట్టుకొనగలరు. కాని తిన్ననాడు ఏమియు తెలియనీయక, నెలల తరబడి, ఏండ్ల తరబడి శరీరమును లోలోపల క్షీణింపజేయు తిండి యున్నచో దానిని కనుగొనుట ఎట్లు? ఆ తిండి అనుదినము కంచములో నుండు ప్రధానాహారమే అయినచో దానిని శంకించు వారెవరు? సీలియాక్ వ్యాధి చరిత్రలో జరిగిన దిదియే.

క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో అరిటేయస్ అను గ్రీకు వైద్యుడు ఒక దీర్ఘవ్యాధిని వర్ణించెను. రోగికి ఆహారము వంటబట్టదు, విరేచనములు మానవు, దేహము శుష్కించును. గ్రీకుభాషలో కడుపునకు గల పేరునుబట్టి ఆ వ్యాధి పేరు ఏర్పడినది. పిదప శతాబ్దములు గడచినను దాని మూలము తెలియలేదు. 1887లో లండను నగరమందలి పిల్లల వైద్యశాలలో సామ్యుఎల్ జీ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను; మరుసటి యేట ఆ వ్యాసము అచ్చయ్యెను. అన్ని వయస్సులవారికిని ఇది రావచ్చుననియు, ఒకటి మొదలు ఐదేండ్ల పిల్లలలో విశేషముగా కనబడుననియు ఆయన వ్రాసెను. వ్యాధి నయమగుటయే సాధ్యమైనచో అది పథ్యముచేతనే కావలెనని ఆయన తీర్మానము. ఒక బిడ్డకు ప్రతిదినము సముద్రపు ఆల్చిప్పల మాంసము పెట్టగా చక్కగా కోలుకొనెననియు, ఆ ఋతువు గడచి అవి దొరకనంతనే రోగము తిరుగబెట్టెననియు ఆయన గుర్తించెను.

జీ నడచిన త్రోవ సరియైనదే. కాని గమ్యము అందలేదు. పిండిపదార్థములు తగ్గింపవలెనని తలచి ఆయన వరియన్నమును నిషేధించెను. పలుచగా కోసి రెండువైపుల ఎఱ్ఱగా కాల్చిన గోధుమరొట్టెను మాత్రము తినవచ్చుననెను. నిరపరాధికి శిక్షయు, అపరాధికి విడుదలయు లభించినవి. తెలుగువారికి అన్న మెట్టిదో ఐరోపావాసులకు రొట్టె యట్టిది. నిత్యము ప్రాణము నిలుపు రొట్టెయే రోగమునకు కారణమని ఎవ్వరికి తోచును?

1924లో అమెరికాలోని న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్లు ప్రధానముగాగల పథ్యమును ప్రకటించెను. ఆ పథ్యమున రొట్టెకు చోటులేదు. పిల్లలు కోలుకొనిరి. ఆ మహిమ అరటిపండుదే యని లోకము నమ్మెను. వ్యాధి తగ్గినదని పిల్లలు మఱల రొట్టె తినసాగినంతనే కొందఱిలో రోగము తిరిగి తలయెత్తెను. మేలు కలిగినది చేర్చిన పదార్థమువలన కాదు, తొలగించిన పదార్థమువలన నని ఎవ్వరును గ్రహింపలేదు.

నెదర్లాండ్సు దేశమందలి హేగ్ నగరమున జూలియానా పిల్లల వైద్యశాల యుండెడిది. 1936లో విల్లెం కారెల్ డికె అను ముప్పదియొక్క యేండ్ల వైద్యుడు దానికి అధ్యక్షుడయ్యెను. ఆ దినములలో ఒక తల్లి తన బిడ్డను గూర్చి ఆయనకొక సంగతి చెప్పెను. సీలియాక్ వ్యాధితో బాధపడు ఆ బిడ్డకు రొట్టె మానిపించినప్పుడెల్ల ఒంటిమీది దద్దురు త్వరగా తగ్గిపోవుచున్నదని ఆమె కనిపెట్టినది. ఆ తల్లి వైద్యము చదివినది కాదు. బిడ్డ ఎప్పుడేమి తినెనో, పిమ్మట వాని ఒంటికి ఏమయ్యెనో శ్రద్ధతో చూచినది. చూచిన దానిని మఱువలేదు. డికె ఆ మాటను "తల్లుల భ్రమ" యని త్రోసివేయలేదు. మనస్సున నిలుపుకొని, తన వైద్యశాలలోని పిల్లలపై దృష్టి నిలిపెను. 1941లో రొట్టెయు, రస్కులును లేని సులభమైన పథ్యమొకటి ఆయన ప్రకటించెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము ఆ దేశమును పెనుకఱవులో ముంచెను. 1944 సెప్టెంబరులో రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి. దేశము నాక్రమించియున్న జర్మను సైన్యము అందుకు ప్రతీకారముగా పశ్చిమప్రాంతపు నగరములకు ఆహారము చేరనీయదయ్యెను. ఆ చలికాలమున సుమారు ఇరువదివేలమంది ఆకలిచేతను, చలిచేతను మరణించిరి. జనులు చక్కెరదుంపలను, తులిప్ పూలమొక్కల గడ్డలను సయితము ఉడికించి తినిరి. రొట్టె అపురూపమయ్యెను. లోకమంతయు కృశించుచున్న ఆ దినములలో, సీలియాక్ వ్యాధిగల పిల్లలు కోలుకొనుచుండుట డికె చూచెను. 1945 మే నెలలో దేశమునకు విముక్తి కలిగెను. రొట్టె తిరిగి వచ్చెను. రొట్టెతోపాటు ఆ పిల్లల రోగమును తిరిగి వచ్చెను.

ఇంత చూచియు డికె, "రోగకారణము దొరకినది" అని చాటలేదు. కఱవుకాలమున తగ్గినది రొట్టె యొక్కటియే కాదు. పాలు, నెయ్యి, మాంసము అన్నియు తగ్గినవి. వానిలో దోషి ఏది? ఈ సందేహము తీర్చుటకు ఆయన ఒక్కొక్క బిడ్డకు పథ్యమునుండి గోధుమను తొలగించి కొంతకాలము చూచెను. తిరిగి చేర్చి కొంతకాలము చూచెను. బరువును, ఎత్తును, ఆకలిని, మలమును ఏండ్ల తరబడి లెక్క వ్రాసెను. గోధుమ తీసివేసినపుడు బరువు గీత పైకి లేచినది. చేర్చినపుడు క్రిందికి వ్రాలినది. వాన్ డి కామర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మలములోని క్రొవ్వును కొలుచు పద్ధతిని కనిపెట్టి ఆయనకు తోడయ్యెను. తిన్న క్రొవ్వు ఒంటికి పట్టక ఎంత వెలికి పోవుచున్నదో దానివలన లెక్కకు వచ్చెను. ఇట్లు తల్లి కంటికి తోచిన సత్యము తూకమునకు నిలిచినది. 1950లో డికె యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు తన పరిశోధనగ్రంథమును సమర్పించెను. పిదప వేయర్స్ అను పిల్లల వైద్యుడును వారితో చేరి సాగించిన పరీక్షలలో మఱొక రహస్యము బయటపడెను. కీడు చేయునది గోధుమలోని పిండిపదార్థము కాదు. గ్లూటెన్ అను మాంసకృత్తు.

ఈ గ్లూటెన్‌ను వంటయింటిలోనే చూడవచ్చును. గుప్పెడు గోధుమపిండిని ముద్దగా కలిపి, కొంతసేపు నాననిచ్చి, నీటిలో మెల్లగా పిసుకుచు కడిగినచో తెల్లని పిండి నీటితో పోవును. చేతిలో రబ్బరువలె సాగు జిగురుముద్ద యొకటి మిగులును. అందు ముఖ్యముగా నున్నది గ్లూటెనే. చపాతి చిరుగక సాగుటకును, రొట్టె పొంగుటకును ఇదియే కారణము. వరిపిండితో అట్టి ముద్ద రాదు. ఇట్టి మాంసకృత్తులు గోధుమలోనే గాక బార్లీలోను, రై అను ధాన్యములోను గలవు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, మొక్కజొన్నలలో సీలియాక్ రోగికి హానిచేయు గ్లూటెన్ లేదు.

చిన్నప్రేవు లోపలి గోడ నున్నగా నుండదు. మఖమలు వస్త్రముపై నూగువలె లెక్కకు మిక్కిలియైన సన్నని మొలకలు దానిపై నిలిచియుండును. వీనిని ఆంత్రచూషకము లందురు. జీర్ణమైన ఆహారసారమును పీల్చి రక్తమున చేర్చునవి ఇవియే. సీలియాక్ వ్యాధి గలవారు గోధుమ తిన్నపుడు శరీరపు రక్షణవ్యవస్థ తన ప్రేవు గోడపైననే దాడి సలుపును. చూషకములు అరిగి పొట్టివగును. తుదకు గోడ చదునగును. అప్పుడు రోగి ఎంత తిన్నను తిన్నది ఒంటికి పట్టదు. 1954లో ఇంగ్లండుకు చెందిన పాలీ అను వైద్యుడు శస్త్రచికిత్సలో తీసిన ప్రేవు ముక్కలను పరీక్షించి ఈ మార్పును వివరించెను. గ్లూటెన్‌ను పూర్తిగా మానినచో చూషకములు క్రమముగా తిరిగి మొలచును. నేటికిని ఈ వ్యాధికి జీవితాంతము గ్లూటెన్ లేని పథ్యమే చికిత్స.

ప్రపంచమున సుమారు నూటికొకరికి ఈ వ్యాధి యున్నదని అంచనా. ఇది వంశమునుబట్టి వచ్చు గుణము కలది; అయినను ఆ గుణము గలవారందఱికిని వ్యాధి రాదు. భారతదేశమున గోధుమ ప్రధానాహారముగా గల ఉత్తరప్రాంతములలో ఎక్కువగను, దక్షిణమున తక్కువగను కనబడుచున్నది. తక్కువ యనగా లేదని యర్థము కాదు. విరేచనములు లేకుండనే ఎదుగుదల ఆగుట, మందులకు లొంగని రక్తహీనత, ఎముకల బలహీనత, విడువని అలసట అను రూపములలో ఇది దాగియుండవచ్చును. దక్షిణదేశపు వంటలలోను గోధుమ పలురూపముల చొరబడినది. బొంబాయిరవ్వ ఉప్మాలోను, సేమియా పాయసములోను, మైదా పూరీలోను, బిస్కట్టులోను అది యున్నది. పొడిచేసి అమ్ము ఇంగువలో తఱచుగా గోధుమపిండి కలుపుదురు. జ్వరపడి లేచినవారికి ప్రేమతో ఇచ్చు బార్లీజావ సయితము సీలియాక్ రోగికి విరోధియే.

ఒంటికి తిండి పట్టని రోగములన్నింటికి గోధుమయే కారణమని తలచుట మఱియొక పొరపాటు. ఈ సందర్భమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుని స్మరింపవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరుని సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. వారికిని అదే వ్యాధి సోకి ప్రాణాంతకముగా పరిణమింపగా, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సవలన కోలుకొనిరి. ఉష్ణదేశములలో కనబడు ఈ సంగ్రహణిలోను విరేచనములు, రక్తహీనత, శుష్కించుట మున్నగు లక్షణములు సీలియాక్ వ్యాధిలో వలెనే యుండును, చూషకములును దెబ్బతినును. కాని దీనికి గోధుమతో సంబంధము లేదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగలిగిరి. సంగ్రహణి రోగుల రక్తహీనతను పోగొట్టుటకు అది ఉపకరించినది. అదే ప్రయోగశాలనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. ఉష్ణదేశపు సంగ్రహణికి నేడును ఫోలిక్ ఆమ్లముతోపాటు ఆ జాతి మందులనే వాడుదురు. రెండు వ్యాధుల మొఱ ఒకటియే. కారణములు వేఱు, చికిత్సలును వేఱు.

దీనినిబట్టి శరీరపు భాషకు గల బలమును, కొఱతయు తెలియుచున్నవి. "ఇచట ఏదో లోపమున్నది" అని శరీరము చెప్పగలదు. లోపము పేరు చెప్పజాలదు. చెప్పిన దానిని వినుట మనుష్యుని వంతు. పేరు కనుగొనుట పరీక్షల వంతు. వినక ఉపేక్షించువాడు రోగమును పెంచుకొనును. విన్నంతనే తానే నిర్ణయము చేసికొని ఒక్కొక్క పదార్థమును మానుచు పోవువాడు బలమైన ఆహారమును కోల్పోయి క్షీణించును. ఎదుగు వయస్సున ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ హాని కాదు.

మాటిమాటికి కడుపునొప్పి గాని, ఉబ్బరము గాని, దద్దురు గాని కలుగుచున్నచో ఒక చిన్న పుస్తకమున లెక్క వ్రాయుట మేలు. ఏ దినమున, ఏ వేళ, ఏమి, ఎంత తినబడినది. ఎంతసేపటికి ఏమి జరిగినది. ఆ దినమున నిద్ర, జ్వరము, పరీక్షల భయము మొదలైనవి ఎట్లుండెను అను విషయములు అందుండవలెను. ఒక్కసారి జరిగినది సాక్ష్యము కాదు; పలుమారులు ఒకే విధముగా జరిగినదే ఆలోచింపదగినది. ఆ పుస్తకమును తలిదండ్రులకును, వైద్యునకును చూపవలెను. సీలియాక్ వ్యాధిని రక్తములోని ప్రతిరక్షకముల పరీక్షచేతను, అవసరమైనచో ప్రేవు ముక్క పరీక్షచేతను నిర్ణయింతురు. ఈ పరీక్షలకు ముందే గోధుమ మానివేసినచో రోగమున్నను పరీక్షలో కనబడకపోవచ్చును. కావున వైద్యుని అడుగక పథ్యము మార్చరాదు. తిన్నంతనే పెదవులు వాచి, ఊపిరాడనిచో పుస్తకము వ్రాయుచు కూర్చుండరాదు. తక్షణమే వైద్యశాలకు చేర్పవలెను.

ఇతరుల శరీరము చెప్పు మాటను మన్నించుటయు నేర్వదగిన మర్యాదయే. పాఠశాలలో తోటిబాలుడు ఒక పదార్థము తనకు పడదని చెప్పినపుడు, "ఒక్క ముక్క తిన్న నేమగును?" అని బలవంతపెట్టుట, పిఱికివాడని ఎగతాళి చేయుట, తెలియకుండ తినిపించి పరీక్షించుట కొందఱికి వినోదముగా నుండును. ఆ ఒక్క ముక్క ఒకని ప్రాణము మీదికి తేవచ్చును. మఱొకని ప్రేవును నెలల తరబడి గాయపఱుపవచ్చును. హేగ్ నగరపు వైద్యుడు ఆ తల్లి మాటను నవ్వి పంపివేసియున్నచో ఎందఱు బిడ్డలు అకారణముగా నశించియుందురో! ఆమె చూచినది, ఆయన విన్నాడు, పిమ్మట ఇద్దఱి మాటను తూచి లోకము నమ్మినది. విస్తరిపై చేయి అడ్డముపెట్టి "నాకు పడదు" అనువానిని కారణమడుగవచ్చును గాని, ఆ చేతిని తొలగింపరాదు.